స్కోలిన్ సిరంజి నింపే ముందు రెండు ప్రశ్నలు

తిరుపతిలో కాజువాల్టీ, ఐసీయూ డాక్టర్లు, అనస్థీషియా పీజీలు, స్టాఫ్ నర్సుల కోసం ఒక అనస్థీషియా వైద్యుడు ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.

అందరికీ నమస్కారం. కుప్పం, పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన వాళ్ళున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం. నరాల జబ్బో కండరాల జబ్బో ఉన్న మనిషికి ఊపిరి చాలడం లేదు. ఊపిరి గొట్టం, అంటే ట్యూబ్ వేయాలి. ట్రేలో స్కోలిన్ ఉంది, రోక్యురోనియం ఉంది, రెండూ కండరాన్ని సడలించే రిలాక్సెంట్లే. ఏది తీసుకోవాలి? ఎంత తీసుకోవాలి? ఈ పూట మాట్లాడుకునేది ఇదే.

చాలామంది మొదట అడిగేది "డోసు ఎంత సార్?" అని. డోసు చెప్తాను. దానికంటే ముందు రెండు ప్రశ్నలు. ఒకటి, తెగింది ఎక్కడ? రెండు, తెగి ఎన్నాళ్ళయింది? రాసుకునే వాళ్ళు ఈ రెండే రాసుకోండి చాలు.

తెగింది ఎక్కడ అంటే ఏమిటి? మెదడు ఇచ్చిన ఆర్డరు వెన్నుపాము దిగి, నరం వెంట కండరం దాకా వస్తుంది. నరం చివరికీ కండరానికీ మధ్య సన్నటి సందు ఉంది, అదే జంక్షన్. అక్కడ నరం ఎసిటైల్‌కోలిన్ వదులుతుంది, కండరం మీది రిసెప్టర్లు దాన్ని అందుకుంటాయి, కండరం ముడుచుకుంటుంది. పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, గులియన్ బారే, మోటార్ న్యూరాన్ జబ్బు, ఇవన్నీ జంక్షన్‌కు పైన. మయస్థీనియా, ల్యాంబర్ట్ ఈటన్, పాము విషం, పురుగుమందు, ఇవి జంక్షన్ దగ్గర. డుషేన్, మయోటోనిక్ డిస్ట్రఫీ, ఇవి కండరంలోనే. మూడు చోట్లు. ఒకే సిరంజిలోని ఒకే మందు ఈ మూడు చోట్లా మూడు రకాలుగా పనిచేస్తుంది. కొన్ని చోట్ల ప్రాణం తీస్తుంది.

స్కోలిన్ సంగతి చూద్దాం. స్కోలిన్ అసలు పేరు సక్సినైల్‌కోలిన్, అంటే రెండు ఎసిటైల్‌కోలిన్లు జంటగా అతుక్కున్నట్టు. అది రిసెప్టర్‌ను మూయదు, తెరుస్తుంది. తెరిచి, తెరిచే ఉంచుతుంది. తెరుచుకున్న ప్రతి రిసెప్టర్‌లోంచి సోడియం లోపలికి పోతుంది, పొటాషియం బయటికి వస్తుంది. మామూలు మనిషిలో ఈ రిసెప్టర్లు జంక్షన్ దగ్గరే గుమికూడి ఉంటాయి కాబట్టి రక్తంలో పొటాషియం అర మిల్లీ ఈక్వివలెంట్ పెరిగి ఆగిపోతుంది. 4 ఉన్నది 4.5 అవుతుంది. ఏమీ కాదు.

ఇప్పుడు నరం తెగింది అనుకోండి. నరం నుంచి కబురు రావడం లేదు. కండరం ఏం చేస్తుంది? ఎక్కడో ఒకచోట కబురు దొరక్కపోతుందా అని తన ఒంటి పొడవునా కొత్త రిసెప్టర్లు పుట్టించుకుంటుంది. మనూరి వాళ్ళకు తెలిసిన పోలిక చెప్తాను. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటు నిండా జనం ఉన్నారు. గేటు ఒకటే. తెరిస్తే వరసగా బయటికొస్తారు. అదే కంపార్ట్‌మెంటుకు నాలుగు గోడల పొడవునా వంద గేట్లు పెట్టి అన్నీ ఒక్కసారే తెరిస్తే? లోపలున్న జనం మొత్తం ఒక్క నిమిషంలో బయట. ఆ జనమే పొటాషియం. పైగా ఈ కొత్త రిసెప్టర్లు పసికందు కండరంలో ఉండే రకం. ఒకసారి తెరుచుకుంటే మామూలు వాటికంటే ఎక్కువ సేపు తెరుచుకునే ఉంటాయి. పొటాషియం 4 ఉన్నది రెండు నుంచి ఐదు నిమిషాల్లో 9, 10 దాకా పోవచ్చు. మానిటర్ మీద గుండె గీతలో టీ వేవ్ కోసుగా లేస్తుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది.

అందుకే రెండో ప్రశ్న, ఎన్నాళ్ళయింది? ఈ గేట్లు ఒక్క గంటలో పుట్టవు. నరం దెబ్బతిన్నాక 48 నుంచి 72 గంటల్లో ప్రమాదం మొదలవుతుంది. మొదటి 24 గంటల్లో వచ్చిన వెన్నుపాము దెబ్బకు, కాలిన గాయాలకు స్కోలిన్ వల్ల ఈ ప్రమాదం లేదు. మూడో రోజు నుంచి ఉంది. మూడు నెలలైనా ఉండొచ్చు, ఆరు నెలలైనా ఉండొచ్చు. కండరం చచ్చుబడే ఉన్నంత కాలం ఉంది అనుకునే నడుచుకోవాలి. మోటార్ న్యూరాన్ జబ్బులాగా పెరుగుతూ పోయే జబ్బుల్లో ఇక ఎప్పటికీ వద్దు.

ఇందులో అందరూ మర్చిపోయేవాడు ఒకడున్నాడు. ఐసీయూలో మూడో వారం పడుకుని ఉన్న మనిషి. సెప్సిస్‌తో వచ్చినాడు, వెంటిలేటర్ మీద పది రోజులున్నాడు, ట్యూబ్ తీశారు, ఐదు రోజులకు మళ్ళీ ఊపిరాడక ట్యూబ్ వేయాల్సి వచ్చింది. కేస్ షీట్ మీద నరాల జబ్బు అని ఎక్కడా లేదు. అయినా మంచానికి అతుక్కుపోయిన కండరం కూడా ఇవే గేట్లు పుట్టిస్తుంది. అతనికి స్కోలిన్ ఇవ్వకండి.

డుషేన్ పిల్లల సంగతి వేరు. అక్కడ నరం బాగానే ఉంది, కండరం పొరే బలహీనం. స్కోలిన్ ఇస్తే ఆ పొర చిరిగి కండరం లోపలి సరుకంతా రక్తంలోకి వస్తుంది. పొటాషియం వస్తుంది, కండరపు ఎంజైమ్ సీకే వస్తుంది, కండరపు ప్రొటీన్ మయోగ్లోబిన్ వస్తుంది. బాధాకరమైన విషయం ఏమిటంటే, మూడేళ్ళ, నాలుగేళ్ళ మగపిల్లాడికి జబ్బుందని ఇంట్లో వాళ్ళకే తెలిసి ఉండదు. నడక లేటయింది, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటాడు, పిక్కలు లావుగా ఉంటాయి, ఇంతే. 1990ల మొదట్లో అమెరికాలో ఇలాంటి పిల్లల మరణాలు బయటపడ్డాకే మందు లేబుల్ మీద పెట్టె కట్టి హెచ్చరిక వేశారు. పిల్లల్లో మామూలు ఆపరేషన్లకు స్కోలిన్ వాడటం అప్పటి నుంచే తగ్గింది. డుషేన్ పిల్లలకు సెవోఫ్లురేన్ లాంటి ఆవిరి మత్తు కూడా వద్దు, రక్తనాళంలోకి ఇచ్చే మత్తుతోనే కానివ్వాలి.

మరి తెలియక ఇచ్చేశాం, గుండె ఆగింది. అప్పుడేం చేయాలి? స్కోలిన్ తర్వాత గుండె ఆగిన ప్రతి పిల్లాడికీ, మరో కారణం కళ్ళ ముందు కనిపిస్తే తప్ప, పొటాషియమే అనుకోండి. రిపోర్టు కోసం ఆగకండి. కాల్షియం ఇవ్వండి. మన దగ్గర ఎక్కువగా ఉండేది గ్లూకోనేట్ 10 శాతం, 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్. పెద్దవాళ్ళకు అలాంటివి మూడు. ఎందుకు మూడంటే, అంతే పరిమాణం క్లోరైడ్‌లో ఉన్న కాల్షియంలో మూడో వంతే గ్లూకోనేట్‌లో ఉంటుంది. 20 కిలోల పిల్లాడికి గ్లూకోనేట్ 12 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళకు 10 యూనిట్ల ఇన్సులిన్, 50 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మిల్లీలీటర్లు. సోడాబైకార్బ్, సాల్బుటమాల్. బ్యాగ్‌తో ఊపిరి వేగంగా ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, ఛాతీ నొక్కే చేతులు ఆపకండి. పొటాషియం దిగిందంటే ఈ గుండె తిరిగి కొట్టుకుంటుంది. పదిహేను నిమిషాలకు వదిలేసే గుండె కాదు ఇది.

మయస్థీనియా

ఇప్పుడు జంక్షన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. ఎందుకంటే ఇక్కడ లెక్క తలకిందులవుతుంది.

మయస్థీనియాలో ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు రిసెప్టర్లను తినేస్తాయి. గేట్లు తక్కువ. స్కోలిన్‌కు తెరవడానికి గేట్లే లేవు కాబట్టి స్కోలిన్ పారదు. అదే ఫలితం రావాలంటే మామూలు డోసుకు రెండున్నర రెట్లు కావాలి. పొటాషియం ప్రమాదం పెద్దగా లేదు. వేరే ఏదీ వాడలేని పరిస్థితిలో కిలోకు 1.5 నుంచి 2 మిల్లీగ్రాములు ఇవ్వొచ్చు. 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు, అంటే మన వయల్‌లోంచి 2 మిల్లీలీటర్లు. అయితే ఒక మెలిక. ఈ మనిషి పిరిడోస్టిగ్మిన్ మాత్రలు వేసుకుంటున్నాడు. ఆ మాత్ర ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను అణచిపెడుతుంది. స్కోలిన్‌ను విరగ్గొట్టేది కూడా ఆ కుటుంబపు ఎంజైమే. కాబట్టి స్కోలిన్ ఎక్కడం కష్టం, ఎక్కాక దిగడం ఆలస్యం. పదినిమిషాల్లో అయిపోతుందిలే అనుకునే మందు ఎంతసేపుంటుందో చెప్పలేం.

రోక్యురోనియం, వెక్యురోనియం, అట్రాక్యురియం దీనికి పూర్తిగా ఎదురు. ఇవి గేటును మూసే మందులు. మామూలు మనిషికి గేట్లు ఎంత ఎక్కువగా ఉంటాయంటే, నూటికి డెబ్భై ఐదు మూసినా కండరం బలం తగ్గినట్టు కనిపించదు. ఆ మిగులే మన రక్షణ. మయస్థీనియా రోగికి ఆ మిగులు ఎప్పుడో ఖర్చయిపోయింది. రెండు గేట్లు మూస్తే చాలు, మనిషి పడిపోతాడు. అందుకే మామూలు డోసులో పదో వంతు కూడా కొందరికి ఎక్కువే.

అయితే ఎంత ఇవ్వాలి? ఇక్కడ రెండు పరిస్థితులు విడదీయాలి. విడదీయకపోవడం వల్లే తప్పులు జరుగుతున్నాయి.

మొదటిది, ముందే తారీఖు పెట్టుకున్న ఆపరేషన్. థైమస్ తీయడానికి వచ్చినాడు, కడుపు ఖాళీ, సాయంత్రానికి ట్యూబ్ తీసేయాలి. ఇక్కడ రిలాక్సెంట్ లేకుండానే చేయొచ్చు. ప్రొపోఫాల్, ఫెంటానిల్, సెవోఫ్లురేన్ బాగా లోతుగా ఇచ్చి, గొంతు మీద లిగ్నోకైన్ స్ప్రే చేస్తే చాలావరకు ట్యూబ్ సాఫీగా పోతుంది. ఆవిరి మత్తు వీళ్ళ కండరాన్ని మామూలు వాళ్ళకంటే బాగా సడలిస్తుంది. రిలాక్సెంట్ కావాలనుకుంటే రోక్యురోనియం కిలోకు 0.15 నుంచి 0.3 మిల్లీగ్రాములు, నర్వ్ స్టిమ్యులేటర్ (నరానికి వరసగా నాలుగు చిన్న షాకులిచ్చి కండరం ఎంత కదులుతుందో చూపే పరికరం) చూస్తూ, కొంచెం కొంచెంగా.

రెండోది, క్రైసిస్, అంటే జబ్బు ముదిరి ఊపిరి, మింగుడు కండరాలు కూడా పడిపోయే స్థితి. రాత్రి పదకొండింటికి వచ్చినాడు. మాట ముక్కుతో వస్తోంది, ఉమ్ము మింగలేడు, కడుపు నిండుగా ఉంది, దగ్గలేడు. ఇతనికి రోక్యురోనియం 0.3 ఇస్తానంటే నేను ఒప్పుకోను. ఎందుకు? తక్కువ డోసు మెల్లగా ఎక్కుతుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, సగం సడలిన దవడతో లారింగోస్కోప్ దూరదు. తక్కువ డోసు ఇస్తే మనకు మిగిలేది ఏమిటి? మందు తొందరగా దిగుతుంది. దిగి ఏం చేయాలి? ఈ మనిషి ఎలాగూ రోజుల తరబడి వెంటిలేటర్ మీదే ఉంటాడు కదా. కాబట్టి క్రైసిస్‌లో రోక్యురోనియం కిలోకు 1 నుంచి 1.2 మిల్లీగ్రాములు నిండుగా ఇవ్వండి. ఎక్కువ సేపుంటుంది, ఉండనివ్వండి. తక్కువ డోసు వాదన ట్యూబ్ తీయబోయే వాళ్ళకే, ట్యూబ్ ఉంచబోయే వాళ్ళకు కాదు.

సిస్టర్లు ఇది వినండి. రోక్యురోనియం వయల్ 50 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్లు. 50 కిలోల మనిషికి 1.2 చొప్పున 60 మిల్లీగ్రాములు, అంటే 6 మిల్లీలీటర్లు. ఒక వయల్ చాలదు. రెండో వయల్ పక్కనే పెట్టుకోండి. ఒక వయల్ మాత్రమే సిరంజిలోకి లాగి ఇచ్చి, దవడ బిగుసుకుపోయే ఉంటే, అప్పుడు ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తడం ఎవరికీ మంచిది కాదు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇది మానిటర్‌లో కనిపించదు. రోక్యురోనియం ఈ మనిషిలో మూడు గంటలుంటుంది, నాలుగు గంటలుంటుంది. మనం ట్యూబ్ వేయడానికి ఇచ్చిన కెటమిన్ ఇరవై నిమిషాల్లో దిగుతుంది, ప్రొపోఫాల్ పది నిమిషాల్లో. ఆ తర్వాత? మనిషికి మెలకువ ఉంది, కదల్లేడు, కన్ను తెరవలేడు, గొంతులో ట్యూబ్ ఉంది. పక్కనే మనం "బెడ్ నంబర్ ఆరుకు రిలేటివ్స్ ఉన్నారా" అని మాట్లాడుకుంటున్నాం. అతను అంతా వింటున్నాడు. దయచేసి, ట్యూబ్ టేపు వేసిన చేత్తోనే నిద్ర మందు ఇన్ఫ్యూజన్ మొదలుపెట్టండి. 50 కిలోల మనిషికి గంటకు మిడాజోలమ్ 2 నుంచి 4 మిల్లీగ్రాములు, ఫెంటానిల్ 25 నుంచి 50 మైక్రోగ్రాములు. బీపీ చూసి తగ్గించండి, ఆపకండి. కన్నీళ్ళు, ఉన్నట్టుండి పెరిగిన పల్స్, ఇవే అతను మనతో మాట్లాడే మాటలు.

ఇంకో చిన్న మాట. మయస్థీనియా రోగికి జెంటామైసిన్, అమికాసిన్, మెగ్నీషియం ఇవ్వకండి. ఐసీయూలో అలవాటుగా రాసే మందులివి. ఇచ్చాక బలం ఎందుకు రాలేదని వెతుక్కోవాల్సి వస్తుంది. ల్యాంబర్ట్ ఈటన్‌లో అయితే స్కోలిన్‌కూ రోక్యురోనియంకూ రెండింటికీ మనిషి సున్నితమే, రెండూ తక్కువే చాలు.

పాము కాటు, పురుగుమందు

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో మయస్థీనియా కంటే ఎక్కువగా కాజువాల్టీకి వచ్చే జంక్షన్ జబ్బు ఏదో మీకు తెలుసు. పాము కాటు. దీన్ని నరాల జబ్బుల పుస్తకంలో వెతకరు. కానీ జంక్షన్ మాత్రం అదే.

తెల్లారుజామున వస్తారు. "కడుపులో నొప్పిగా ఉండాదంట సార్, కండ్లు మూసుకోని పోతా ఉండాయి" అంటారు వెంట వచ్చినవాళ్ళు. కాటు గుర్తు కనిపించదు. నేల మీద పడుకుని ఉంటాడు. కడుపు నొప్పి, వాలిన రెప్పలు, నేల మీద నిద్ర, ఈ మూడూ కలిస్తే కట్లపాము అనుకోండి. నాగుపాము విషం రిసెప్టర్ మీద కూర్చుంటుంది, రోక్యురోనియం కూర్చున్నట్టే. అందుకే ఎసిటైల్‌కోలిన్ విరగకుండా ఆపి దాన్ని పెంచే నియోస్టిగ్మిన్‌కు కొంత లొంగుతుంది. అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు ఇచ్చి నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు కండరానికి ఇస్తే రెప్ప లేస్తుంది, ఊపిరి పెరుగుతుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ విడుదలే ఆగిపోతుంది. లేనిదాన్ని నియోస్టిగ్మిన్ ఎక్కడి నుంచి పెంచుతుంది? నరం చివర మళ్ళీ పెరిగేదాకా వెంటిలేటరే దారి. రోజులు పడుతుంది, కొందరికి వారాలు.

ట్యూబ్ ఎప్పుడు వేయాలి? సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడేదాకా ఆగకండి. అది చివర్లో పడుతుంది. ఒక్క ఊపిరిలో లెక్కపెట్టించండి, ఒకటి, రెండు, మూడు అని. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి యాభై దాకా పోతాడు. ఇరవై లోపల ఆగితే ట్యూబ్ ట్రే తెరవండి. దిండు మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే గొంతు కండరాలు కూడా పోతున్నాయని అర్థం. పలమనేరు నుంచి ఇక్కడికి అంబులెన్స్‌లో రెండు గంటలకు పైనే పడుతుంది. లెక్క పదిహేనులో ఆగిన మనిషిని ట్యూబ్ లేకుండా 108 ఎక్కించి పంపడం ప్రమాదం. చిత్తూరు నుంచి వెల్లూరికి పంపినా అంతే. దారి చిన్నదే కావచ్చు, ఊపిరి అంతకంటే చిన్నది.

రిలాక్సెంట్ కావాలా? పూర్తిగా పడిపోయిన కట్లపాము రోగికి చాలాసార్లు అవసరమే ఉండదు. దవడ దానంతటదే వదులుగా ఉంటుంది. సగం బలం ఉన్న మనిషికైతే రోక్యురోనియం. స్కోలిన్ వద్దు. రిలాక్సెంట్ వద్దు అంటే నిద్ర మందు కూడా వద్దని కాదు. ఇది రెండోసారి చెప్తున్నాను, మూడోసారి కూడా చెప్తాను. కట్లపాము కరిచిన మనిషి కనుపాపలు విచ్చుకుని, వెలుగు వేసినా కదలకుండా ఉండొచ్చు. మెదడు పోయిందని ఇంటివాళ్ళకు చెప్పేస్తారు. మెదడు పోలేదు. అతను వింటున్నాడు. పేరు పెట్టి పలకరించి, ఏం చేస్తున్నామో చెప్పి, నిద్ర మందు ఇచ్చి ట్యూబ్ వేయండి.

పురుగుమందు తాగి వచ్చిన వాళ్ళ విషయంలో ఒకే మాట. ఆర్గానోఫాస్ఫేట్ కోలినెస్టరేజ్‌ను చంపేస్తుంది. స్కోలిన్‌ను విరగ్గొట్టేవాడే లేడు. పది నిమిషాల మందు గంటల తరబడి నిలిచిపోతుంది. రోక్యురోనియం తీసుకోండి. కాకపోతే జంక్షన్‌లో ఎసిటైల్‌కోలిన్ పొంగిపొర్లుతోంది కాబట్టి రోక్యురోనియం దానితో పోటీపడాలి. 0.6 చాలదు, 1.2 పెట్టుకోండి. ఒకటో రోజు బాగయ్యాడని వార్డుకు పంపిన మనిషి రెండో రోజు, మూడో రోజు తల ఎత్తలేకపోతే మెడ కండరాలు చూడండి. 24 నుంచి 96 గంటల మధ్య వచ్చే ఆ బలహీనతే ఇంటర్మీడియట్ సిండ్రోమ్. అప్పుడు ట్యూబ్ వేయాల్సి వచ్చినా స్కోలిన్ కాదు.

గులియన్ బారే కూడా జంక్షన్‌కు పైన జబ్బే, అందులోనూ స్కోలిన్ వద్దు. అక్కడ అదనంగా జాగ్రత్తపడాల్సింది గుండె. ఈ జబ్బు పల్స్‌నూ బీపీనీ నడిపే నరాలను కూడా పట్టుకుంటుంది. లారింగోస్కోప్ పెట్టగానే, సక్షన్ గొట్టం గొంతుకు తగలగానే పల్స్ ముప్పైకి పడిపోవచ్చు. పల్స్ పెంచే అట్రోపిన్‌ను సిరంజిలోకి లాగి పెట్టుకోండి, వయల్‌లో ఉంచి కాదు. వైటల్ కెపాసిటీ (నిండా పీల్చి ఒక్కసారి పూర్తిగా వదిలే గాలి) కిలోకు 20 మిల్లీలీటర్ల కంటే తగ్గితే, అంటే 50 కిలోల మనిషికి ఒక లీటరు, ఐసీయూలో ఉంచి గంట గంటకూ చూడండి. 15కి దిగితే ట్యూబ్ వేయండి.

అందరికీ వర్తించేది ఒకటుంది. ఈ రోగుల ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ. మంచం తల వైపు 20, 30 డిగ్రీలు లేపండి. మాస్క్ బిగించి మూడు నిమిషాలు, ఊపిరి చాలని వాళ్ళకు మాస్క్ గుండా ఒత్తిడితో గాలి ఇచ్చే బైప్యాప్‌తో ఆక్సిజన్ నింపండి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ట్యూబ్ వేసేటప్పుడు కూడా తీయకండి. మింగలేని మనిషి గొంతులో ఉమ్ము నిండి ఉంటుంది, సక్షన్ ఆన్ చేసి తలగడ కింద పెట్టుకోండి.

మయోటోనిక్ డిస్ట్రఫీ అరుదు, కాబట్టి త్వరగా చెప్తాను. చేయి కలిపితే వదలడానికి రెండు మూడు సెకన్లు పట్టే మనిషి. ఇతనికి స్కోలిన్ ఇస్తే కండరం సడలదు, బిగుసుకుంటుంది. దవడ తెరుచుకోదు, ఛాతీ రాయిలాగా అవుతుంది, మాస్క్‌తో గాలి కూడా పోదు. ఆ బిగువును రోక్యురోనియం కూడా విడిపించలేదు, ఎందుకంటే తప్పు కండరంలో ఉంది, జంక్షన్‌లో లేదు. నియోస్టిగ్మిన్ కూడా బిగువు తేవచ్చు. చలికి వణికితే కూడా వస్తుంది. ఒంటి మీద దుప్పటి కప్పి ఉంచండి.

మందు దించడం

రోక్యురోనియంను దించేది సుగమ్మాడెక్స్. ఇది రిసెప్టర్ జోలికి పోదు. ఉంగరంలాంటి అణువు, రోక్యురోనియంను తనలో ఇముడ్చుకుని తీసుకుపోతుంది. ఒక్కో రోక్యురోనియంకు ఒక్కో ఉంగరం. అందుకే మయస్థీనియాలో ఇది వరం. నియోస్టిగ్మిన్‌కు కావాల్సిన ఎంజైమ్‌ను పిరిడోస్టిగ్మిన్ మాత్రలు ముందే కట్టేసి ఉంచాయి. ఇంకా నియోస్టిగ్మిన్ పోస్తే లాభం తక్కువ, ఉమ్ము, విరేచనం, పల్స్ పడిపోవడం, బలహీనత ఎక్కువ. డోసు, స్టిమ్యులేటర్ మీద నాలుగింట్లో రెండు కదలికలు కనిపిస్తే కిలోకు 2 మిల్లీగ్రాములు. అసలేమీ లేక లోతుగా ఉంటే 4. ట్యూబ్ పడలేదు, మాస్క్‌తో గాలి పోవడం లేదు, వెంటనే దించాలంటే 16. ఇక్కడ లెక్క చూడండి. 50 కిలోల మనిషికి 16 చొప్పున 800 మిల్లీగ్రాములు. వయల్‌లో ఉండేది 200. నాలుగు వయల్స్ కావాలి. మీ ఫ్రిజ్ పక్కన ఎన్ని ఉన్నాయి? ఒకటే ఉంటే, ట్యూబ్ పడకపోతే సుగమ్మాడెక్స్ ఉందిలే అని ధైర్యపడకండి. అప్పుడు మన ధైర్యం గొంతులో కూర్చునే మాస్క్ ఎల్‌ఎంఏ, గొంతు ముందు భాగం కోసి గాలి దారి తెరిచే కిట్.

సుగమ్మాడెక్స్ అట్రాక్యురియంను దించదు. అట్రాక్యురియం ఇచ్చి సుగమ్మాడెక్స్ పోస్తే డబ్బు పోతుంది, మందు దిగదు. మయస్థీనియా బలహీనతను కూడా అది బాగుచేయదు. అది దించేది మనం ఇచ్చిన మందును, జబ్బును కాదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న వాళ్ళకు వద్దు.

స్టిమ్యులేటర్ ఎక్కడ పెట్టాలి? మణికట్టు దగ్గర, బొటనవేలు చూడాలి. రిలాక్సెంట్ ఇవ్వక ముందే ఒకసారి చూసి రాసుకోండి. మయస్థీనియాలో మందు ఇవ్వకముందే నాలుగో కదలిక తక్కువగా ఉండొచ్చు. అది తెలియకపోతే చివర్లో అది మందు వల్లో జబ్బు వల్లో తేల్చలేం. ట్యూబ్ తీయాలంటే నాలుగోది మొదటిదానిలో 0.9 వంతైనా ఉండాలి. పక్షవాతం వచ్చిన చేతికి మాత్రం పెట్టకండి. అక్కడ గేట్లు ఎక్కువ కాబట్టి వేలు బాగా కదుల్తుంది. మందు ఎక్కలేదనుకుని మళ్ళీ మళ్ళీ ఇస్తారు. బాగున్న చేతికి పెట్టండి.

ఫ్రిజ్ గురించి ఒక మాట. స్కోలిన్, రోక్యురోనియం రెండూ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. మే నెలలో మనూళ్ళో నలభై దాటుతుంది. కాజువాల్టీ ట్రాలీలో వారాల తరబడి తిరిగిన వయల్ పేరుకే రోక్యురోనియం. బయటికి తీసిన తేదీని పెన్నుతో వయల్ మీద రాయండి.

వెనక వరసలో డాక్టరమ్మ ఒక ప్రశ్న అడిగారు, మైకు అందలేదు కాబట్టి నేనే చెప్తాను. "మా దగ్గర రోక్యురోనియం లేదు, వెక్యురోనియం, స్కోలిన్ మాత్రమే ఉన్నాయి, పదో రోజు గులియన్ బారే వస్తే ఏం చేయాలి?" మంచి ప్రశ్న, చాలా చోట్ల ఉన్న పరిస్థితే ఇది. వెక్యురోనియం వాడండమ్మా. పొడి రూపంలో ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. మామూలుగా కిలోకు 0.1 మిల్లీగ్రాముల డోసు ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. 0.2కు పెంచితే కొంచెం ముందుగా ఎక్కుతుంది, ఎక్కువ సేపుంటుంది. ఆ మనిషి వెంటిలేటర్ మీదే ఉంటాడు కాబట్టి పర్వాలేదు. మందు ఎక్కేదాకా మెల్లగా, తక్కువ ఒత్తిడితో మాస్క్‌తో గాలి ఇస్తూ ఉండండి. కడుపు నిండి ఉందని ఊపిరి ఆపి ఉంచకండి. తర్వాత ఇక్కడికి పంపేటప్పుడు రెఫరల్ చీటీ మీద మూడు విషయాలు పెద్ద అక్షరాలతో రాయండి. ఏ రిలాక్సెంట్ ఇచ్చారు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు. దాని పక్కనే నిద్ర మందు ఏది, ఎంత, ఎన్ని గంటలకు అనేది కూడా. చీటీలో మొదటిది ఉండి రెండోది లేకపోతే, ఇక్కడి పెద్దాసుపత్రులు రుయాలోనో స్విమ్స్‌లోనో దించుకునే డాక్టరు మొదట చేయాల్సింది ఆ మనిషి చెవి దగ్గరికి వంగి పేరు పెట్టి పిలవడం, వెంటనే మిడాజోలమ్ అడగడం.